కొలిమికి మూత

గుంతకల్లులో, గుత్తి రోడ్డు పక్క
మా రేకుల షెడ్డు.
తూకానికొచ్చిన పాత సత్తు ఏరడం నా పని.
కాలిపోయిన బోరు మోటార్ల రెక్కలు,
విజిల్ పోయిన కుక్కర్లు,
ఏ బండిదో, చిల్లుపడిన పిస్టను.
అయస్కాంతం పెడతా. అంటుకుంటే ఇనుము, అవతలికి.
రంగు గీకుతా. జిడ్డు తుడుస్తా.
డబ్బా అయితే నీళ్ళున్నాయేమో
చెవి దగ్గర ఊపి వింటా.
ఒక్క చుక్క చాలు, కొలిమి తుమ్ముతుంది.
లాలప్ప ఎడమ కనుబొమ్మ
అట్లాంటి తుమ్ములోనే పోయింది.

ఇనుమైతే ఎర్రబడి చెబుతుంది,
జరుగు, కాలుతున్నా అని.
సత్తు చెప్పదు.
కరిగినా తెల్లగానే ఉంటుంది,
మీగడ కట్టిన పాల మాదిరి, నెమ్మదిగా.
నెమ్మదిగా ఉండేవాళ్ళను నమ్మొద్దని మా అమ్మ అనేది,
దీన్ని చూసి కాదు గానీ.

మొన్నటిదాకా మండించింది లారీల పాత ఆయిలు.
ఆ పొగకు పక్కింటి ఈరమ్మ
ఆరేసిన చీరలు లెక్కబెట్టుకొని తిట్టేది,
చీరకొక తిట్టు.
రాత్రి ముక్కు చీదితే
నా కొంగున కాటుక.

క్యానుకొక సుద్దగీత గోడమీద గీసేదాన్ని.
నాకు రాయను రాదు, గీతలొస్తాయి.
వంద కిలోలు కరగను నాలుగు గీతలు.
ఆ గోడకెదురుగా కూర్చుని సంగటి తింటా తింటా
ఒకరోజు చూసినా:
ఊరందరి తప్పేలాలకు మూతలు పోసేది మేమే,
మా కొలిమికి మూత లేదు.
అన్నం వండే ఏ ఆడమనిషైనా చెప్పుండేది.
అడిగినోళ్ళు లేరు.

లాలప్ప నవ్వినాడు.
"ముప్పై ఏండ్లు నోరు తెరుచుకొనే మండింది గదమ్మే."
"మూసుకోమని దానికెవరూ చెప్పలేదు మామా."

తొలి మూత పగిలింది.
రెండోదీ పగిలింది, నా కాలి దగ్గర.
మూడోదానికి నిప్పుమట్టిలో
శెనక్కాయ పొట్టు కలిపి పిసికినా.
కాల్చితే పొట్టు పోయింది, చిల్లులు మిగిలినాయి,
చిల్లుల్లో గాలి.
ఆ గాలిని దాటి వేడి బయటికి రాలేకపోయింది.
నాలుగు గీతలు రెండున్నర అయినాయి.
అరగీత ఎట్లా గీయాలో ఆ రోజు నేర్చుకున్నా.

ఐటీఐ చదివిన ఖాజావలి
ఆ పొట్టునే పొయ్యిలోకి తెచ్చినాడు.
ఉరవకొండ మిల్లునుంచి ట్రాక్టరు లోడు,
పాత డ్రమ్ము, ఒక ఫ్యాను, వారం రోజుల వెల్డింగు.
పొగగొట్టం మెడకు బుట్ట కట్టినాడు,
పోయే వేడి పోతా పోతా
మరుసటి వాయి సత్తును ఎండబెడుతుంది.

వాడే చెప్పినాడు:
కొండమట్టినుంచి కొత్త సత్తు లాగను
ఇరవై పాళ్ళ కరెంటు కావాలంట,
పాతది కరిగించను ఒక పాలు చాలంట.
చేతిలోని కుక్కరు మూతను తిప్పి చూసినా.
ఎవరో, ఎప్పుడో, ఏ ఊర్లోనో
కాల్చిన పందొమ్మిది పాళ్ళు దీంట్లోనే ఉన్నాయి.
సొట్టపడినా ఆ సత్తువ పోలేదు.
అప్పటినుంచి ముక్క కింద పడితే
వంగి తీస్తా, నడుము నొచ్చినా.

అంతా బాగైపోయిందని కాదు.
వానకు పొట్టు తడిస్తే మళ్ళీ ఆయిలే.
బూడిద ఫ్యానుకు అడ్డంపడి
ఖాజావలి నోట ఈరమ్మ తిట్లు వస్తాయి.
గోడమీద గీతలు తగ్గినాయి, అంతే.

నిన్న ఈరమ్మే వచ్చింది.
మొగుడు రైల్వే డ్యూటీకి మోసిన క్యారియరు,
మూత బిగుసుకుపోయింది, ఎంతిస్తారంది.
అలవాటుగా చెవి దగ్గర ఊపినా.
లోపలేదో కదిలింది.
సుత్తితో అంచుమీద తట్టి తట్టి తీస్తే
ఎండిన అన్నం మెతుకు ఒకటి.
దాన్ని చీమలకేసి
డబ్బాను బుట్టలో పెట్టినా.